శాన్ పీడ్రో రేవు

మొన్నటి మాఘమాసమున మా చెల్లెలికి పురుడు పోయుటకై మేము అమెరికాదేశమునకు పోవలసివచ్చినది. మా తల్లిగారు గతించి ఆరేండ్లయినది. పుట్టినింటివారెవ్వరును దగ్గరలేని పురుడేమి పురుడని మా మేనత్త పట్టుపట్టి, తానును మాతో బయలుదేరెను. మావారికి బడి పరీక్షల కాలమగుటచే వారు భీమునిపట్టణముననే నిలిచిరి. విమానప్రయాణమునుగూర్చి పలువురు వ్రాసియున్నారు గనుక మేము వ్రాయము. ఇరువది గంటలకు పైబడిన ఆ ప్రయాణమున అత్త రెండు అరటిపండ్లు తిని, విష్ణుసహస్రనామము పదునాలుగు పర్యాయములు పారాయణము చేసెనని చెప్పిన చాలును.

మేము దిగినది లాస్ ఏంజలీసు నగరము. ఆ నగరపు నడిబొడ్డునకు సముద్రము దూరము. రేవులేని నగరమునకు వ్యాపారము పెరుగదని యెంచి, నగరపెద్దలు 1906వ సంవత్సరమున దక్షిణముగా సన్నని పేలికవంటి నేలను కలుపుకొని, 1909లో ఒడ్డుననున్న శాన్ పీడ్రో పట్టణమును తమ నగరమున చేర్చుకొనిరి. వ్రాతలో పేడ్రో యని యున్నను అచ్చటివారు పీడ్రో యనియే పలుకుదురు. మా అత్త అది విని, "పేరులోనే పీడ పెట్టుకొన్నారేమమ్మా!" యనెను. అప్పుడు నవ్వితిమి.

చెల్లెలి యిల్లు కొండవాలున నున్నది. తూర్పు కిటికీ తెరచిన రేవంతయు అరచేతిలో పెట్టినట్లు కనబడును. 1963లో కట్టిన ఆకుపచ్చని వ్రేలాడు వంతెన యొకటి శాన్ పీడ్రోను ఎదుటి దీవితో కలుపుచున్నది. ఎటుచూచినను రంగురంగుల ఇనుపపెట్టెలు, వానిని ఎత్తి దించుటకు మెడలు చాచి నిలిచిన కొంగలవంటి యంత్రములు. ఈ రేవును, దీని ప్రక్కనే యున్న లాంగ్‌బీచి రేవును ఒక్క సముద్రపు కయ్యనే పంచుకొన్నవి. ఇరువదియడుగుల పెట్టెను ఒకటిగా లెక్కించినచో, 2024వ సంవత్సరమున ఈ రేవున కోటికి పైగాను, లాంగ్‌బీచిన కోటికి కొంచెము తక్కువగాను పెట్టెలు ఎక్కి దిగినవి. మా భీమిలిలోను డచ్చివారి కాలమున ఓడలు నిలిచెడివి. ఇప్పుడు వారి సమాధులు మిగిలినవి గాని ఓడలు రావు. అట్టి యూరినుండి వచ్చిన మేము తొలినాళ్ళలో వంటమాట మరచి ఆ కిటికీకడనే నిలుచుచుంటిమి.

ఊరు చక్కనిది. క్రొయేషియానుండియు ఇటలీనుండియు చేపలవేటకై వచ్చి స్థిరపడినవారి సంతతి ఇచ్చట హెచ్చు. దక్షిణపు కొనను, సముద్రముపైకి వంగిన గట్టుమీద, పాయింట్ ఫెర్మిన్ అను దీపస్తంభ మొకటి కలదు. స్తంభమనుట పేరునకే, చూచుటకు కొయ్యతో కట్టిన అందమైన మేడయిల్లు, దాని నడినెత్తిన దీపపుగది. 1874లో అది వెలిగినప్పుడు దానికి తొలి కాపరులు మేరీ స్మిత్, ఎల్లా స్మిత్ అను అక్కచెల్లెండ్రు. ఏ మగదిక్కును లేక ఆ గాలిగట్టున రాత్రులందు మేలుకొని దీపము కనిపెట్టినవారు వారిద్దరే. 1941లో యుద్ధము వచ్చినప్పుడు శత్రువులకు గుర్తు తెలియకుండ ఆ దీపము నార్పిరి. ఇల్లు మాత్రము నేటికిని పూలమొక్కల నడుమ నిలిచియున్నది. మేము అక్కాచెల్లెండ్రము ఆ మెట్లమీద కూర్చుండి చాలసేపు మాటలాడుకొంటిమి. వేవిళ్ళ ముచ్చట్లు మొదలుకొని మా అమ్మగారి జ్ఞాపకములవరకు సాగినవి.

ఫాల్గుణమున చెల్లెలు మగబిడ్డను కన్నది. నెలలు నిండుటకు మూడు వారములు ముందే పుట్టినందున బిడ్డ ఊపిరి కొంచెము గరగరలాడుచుండెను. వైద్యురాలు భయము లేదనియు, పొగ తగులకుండ చూచుకొమ్మనియు చెప్పెను. మేము సాంబ్రాణి పొగ కూడ మానితిమి; అత్తకది యిష్టము లేకపోయెను. "పురిటింట సాంబ్రాణి లేకున్న నేమి యిల్లు?" అని రెండునాళ్ళు మాతో మాటలాడలేదు.

మూడవనాటి రాత్రి ఆమెయే మమ్ము లేపి కిటికీకడకు పిలిచెను. నాలుగు ఓడలు ఒడ్డునకు కట్టివేసి యున్నవి. మూడు నిశ్శబ్దముగా నున్నవి. నాలుగవదాని పొగగొట్టమునుండి సన్నని పొగ లేచి, సముద్రపుగాలికి మనవైపే వంగుచుండెను. ఎడతెగని హోరు.

"అమ్మాయీ, కట్టివేసిన బండికి ఎద్దులు నడచునా? ఓడ ఆగిన తరువాత పొగ యెందుకే?"

మాకు జవాబు తోచలేదు. ఆమె మరల, "నా సాంబ్రాణి మానిపించితిరి గదా, దీనినెవరు మానిపింతురు?" అనెను. ఈ వ్యాసము వ్రాయుటకు మూలము ఆ ప్రశ్నయే.

మరుసటి ఆదివారము బిడ్డను చెల్లెలికడ విడిచి, మా మరిది మమ్మిద్దరిని రేవు చూపు పడవమీద తీసికొనిపోయెను. అతడు చెప్పగా తెలిసినది ఇది. ఓడను నడపు పెద్దయంత్రము రేవున ఆగిపోవుట నిజమే. కాని ఓడ యనగా ఒక ఊరు. దీపములు వెలుగవలెను, పంపులు ఆడవలెను, నావికులకు వంట కావలెను, పండ్లును మాంసమును ఉన్న పెట్టెలు రాత్రింబగళ్ళు చల్లగా నుండవలెను. అందుకై చిన్నయంత్రములు కొన్ని డీజిలు త్రాగుచు కరెంటు పుట్టించుచునే యుండును. చిన్నవనుటయు పెద్దదానిముందు చిన్నవనుటయే. పెట్టెల ఓడ యొకటి నిలిచియున్నప్పుడు ఒకటి మొదలు కొన్ని మెగావాట్లవరకు కోరును. వేలమంది ప్రయాణికులతో వచ్చు విహారనౌకకు పదికూడ చాలకపోవచ్చును. మెగావాటనిన మనకు తెలియదు గనుక ఇంటిలెక్క చెప్పెదము: వేయిండ్లలో ఒక్కసారిగా ఇస్త్రీపెట్టె పెట్టినచో నెంత కరెంటగునో అంత.

మరియు ఓడలు కాల్చునూనె మన బండ్లలో పోయునట్టిది కాదు. రాతినూనెనుండి పెట్రోలును, కిరసనాయిలును, డీజిలును తీసికొనగా అడుగున నిలిచిన మడ్డి, తారువలె చిక్కనిది, కాచినగాని పారనిది, చాలకాలము ఓడలకు తిండి అయినది. దానిలో గంధకము హెచ్చు. 2020 జనవరి 1వ తేదీనుండి ప్రపంచమంతట ఆ గంధకము నూటికి మూడున్నర పాళ్ళనుండి అరపాలునకు తగ్గించవలెనని నిబంధన వచ్చినది. అమెరికా తీరములందు 2015నుండియే పదవవంతు పాలు మించరాదు. గంధకము తగ్గినంతమాత్రమున మసి పోదు. డీజిలు మసిని విషమని కాలిఫోర్నియా రాష్ట్రమువారు 1998లోనే ప్రకటించిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధకులు 2012లో డీజిలు పొగ పుట్టకురుపునకు, అనగా క్యాన్సరునకు, కారణమని తేల్చిరి. పసిబిడ్డల ఊపిరితిత్తులమాట వేరుగా చెప్పనేల?

భారతము చదివినవారికి బడబాగ్ని కథ తెలిసియే యుండును. తనవారిని చంపినవారిపై ఔర్వునికి పుట్టిన కోపము లోకమును కాల్చబోగా, పితృదేవతలు వచ్చి దానిని సముద్రమున విడువుమని చెప్పిరి. మనుష్యులకు దూరముగా నీటిలోనే మండుచుండుమని అగ్నికి వారిచ్చిన చోటది. నడిసముద్రమున ఓడ పొగ విడుచుట కొంతవరకట్టిదనుకొందము. కాని ఆ అగ్ని ఒడ్డునకు వచ్చి, బాలింతల కిటికీలక్రింద దినములతరబడి కూర్చుండుట మాత్రము ఏ పితృదేవతలును ఒప్పుకొన్నది కాదు.

మరి ఆ మూడు ఓడలు నిశ్శబ్దముగా ఎట్లున్నవి? వానికి ఒడ్డునుండి తీగ తగిలించియుండిరి. మా పడవ ఒక పెట్టెల ఓడచెంతనుండి పోవునప్పుడు ఆ పని జరుగుచుండెను. మోచేయి దండయంత లావు నల్లని తీగలు రెండు ఓడనుండి క్రిందికి దిగినవి. రేవుగట్టున నేలలో మూతపెట్టిన గుంట యొకటి. దానిలో 6600 వోల్టుల విద్యుత్తు. చేతులకు దళసరి తొడుగులు తొడిగిన పనివారు వానిని కలిపిరి. కలుపగానే ఓడయంత్రము ఆగదు. ఒడ్డు విద్యుత్తును, ఓడ విద్యుత్తును మొదట ఒక్క తాళమున పడవలెనట. ఇద్దరు రోకలిపోటు వేయునప్పుడు రెండవ ఆమె మొదటి ఆమె లయ కనిపెట్టి రోకలి యెత్తదా, అట్లు. తాళము కుదిరిన పిదప ఓడయంత్రమును మెల్లగా ఆర్పుదురు. మేము చూచుచుండగా పొగ పలుచనై, వణకి, నిలిచిపోయెను. అత్త చేతులు జోడించెను. ఎవరికని మేమడుగలేదు.

ఇది ఎవరును దయతలచి పెట్టినది కాదు. పొరుగింట నివసించు అవ్వ యొకతె మాకు ఆ కథ చెప్పినది. ఎనుబదియేండ్లది, క్రొయేషియానుండి వచ్చిన జాలరివారి మనుమరాలు. తీగమీద ఆరవేసిన తెల్లదుప్పట్లు సాయంకాలమునకు బూడిదరంగు తిరిగెడివట. కిటికీగట్టు తుడిచిన గుడ్డ ప్రతిదినము నల్లనయ్యెడిదట. ఈ మాట వినగానే అత్తకు ఆమెపై బంధుప్రీతి కలిగినది. ఒకరి భాష యొకరికి రాకున్నను అప్పటినుండి ఇద్దరును కంచెకడ నిలిచి మాటలాడుకొనుచునే యుండిరి.

చైనాదేశపు ఓడలకై ఒక క్రొత్త రేవుగట్టు కట్టనారంభించినప్పుడు, దాని పొగ మాట సరిగా విచారింపలేదని 2001లో శాన్ పీడ్రో ఇంటియజమానుల సంఘములవారు, ప్రకృతిరక్షణకై వ్యాజ్యమాడు సంఘములతో కలిసి న్యాయస్థానమున కెక్కిరి. 2002లో పైకోర్టువారు పని నిలుపుచేసిరి. 2003లో రాజీ కుదిరి, రేవునుండి 5 కోట్ల డాలరులు పొగ తగ్గించు పనులకు కేటాయింపబడినవి; ఆ గట్టున నిలుచు ఓడలు ఒడ్డు విద్యుత్తు పుచ్చుకొనవలెనని షరతు వ్రాసికొనిరి. 2004 జూన్‌లో మొదటి పెట్టెల ఓడకు తీగ తగిలించిరి. అంతకుముందు 2000లో స్వీడనులోని గోటెన్‌బర్గునను, 2001లో అలాస్కాలోని జూనోలో విహారనౌకలకును ఇట్టి ఏర్పాటు జరిగినది గాని పెట్టెల ఓడలకు ఇదియే తొలియని చెప్పుదురు. పిమ్మట కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2007లో చట్టమువంటి నిబంధన చేసిరి. 2014నాటికి రేవున ఓడలు తాము పుట్టించు కరెంటును సగము, 2017నాటికి నూటికి డెబ్బది, 2020నాటికి ఎనుబది పాళ్ళు తగ్గించవలెను. 2023నుండి పెట్టెల ఓడలకును విహారనౌకలకును దాదాపు ప్రతిరాకకును ఈ నియమమే. కార్ల ఓడలకును నూనె ఓడలకును ఈ రెండు రేవులలో 2025 జనవరినుండి వర్తించినది. తీగ తగిలించుటకు వీలుకాని ఓడకు, బల్లకట్టుమీద వచ్చిన పెద్దగొట్టమును పొగగొట్టముపై టోపీవలె తొడిగి, పొగను పీల్చి వడగట్టుదురు. అదియు చూచితిమి. ఏనుగు తొండమును మరియొక ఏనుగు పట్టుకొన్నట్లుండును.

అన్నియు సవ్యముగా నడచినవని చెప్పజాలము. రాజీపత్రమున వ్రాసినవానిలో కొన్ని సరిగా జరుగలేదని రేవువారే 2015లో ఒప్పుకొనిరి. 2021 శరత్కాలమున, కరోనా వ్యాధి తరువాత సరుకుల తాకిడిచే, నూరుకు చేరువగా ఓడలు చోటుదొరకక సముద్రముమీద లంగరు వేసి నిలిచినవి. లంగరు వేసిన ఓడకు తీగయెక్కడిది? ఆ యేడు మసి మరల పెరిగినది. అయినను 2005వ సంవత్సరముతో పోల్చినచో రేవునుండి పుట్టు డీజిలు మసి పదింట తొమ్మిదివంతులకు దాపుగా తగ్గినదని రేవువారి లెక్కలు చెప్పుచున్నవి. అవ్వ దుప్పట్లును అదే సాక్ష్యమిచ్చుచున్నవి. ఆమె ఇప్పుడు వానిని బయటనే ఆరవేయుచున్నది.

ఇది వ్రాయుచున్నంతసేపును మా మనస్సు విశాఖపట్టణముపైనే యున్నది. 1933లో తెరచిన మన రేవు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఓడలు నిలుచు చక్కని తావు. ఆ ప్రక్కనే పాతపట్టణపు ఇండ్లు, వాని మేడలమీద అప్పడములు, వడియములు. 2023లో విహారనౌకలకు ప్రత్యేకముగా ఒక రేవుభవనమును కూడ తెరచిరి. అదే సంవత్సరమున కేంద్రప్రభుత్వమువారు హరిత సాగర్ అను పేర రేవులకు మార్గదర్శకములు ప్రకటించిరి. అందు ఒడ్డు విద్యుత్తు మాట స్పష్టముగా నున్నది. మొదట టగ్గులవంటి చిన్ననావలకు, పిదప పెద్ద ఓడలకు నని క్రమము.

పెద్ద ఓడలకు ఇచ్చుట మనకు అమెరికావారికంటె కష్టము. అచ్చటి విద్యుత్తు క్షణమునకు అరువదిమార్లు ఊగును, మనది ఏబదిమార్లు. లోకములోని పెద్ద ఓడలలో హెచ్చుభాగము అరువది లెక్కకే కట్టినవి. కావున నడుమ తాళము మార్చు యంత్రము పెట్టవలెను. దాని వెల తక్కువ కాదు. ఐరోపావారికిని ఇదే చిక్కు. వారు ఆ యంత్రములు పెట్టుకొనియే 2030నుండి తమ పెద్దరేవులలో పెట్టెల ఓడలకును ప్రయాణికుల ఓడలకును ఒడ్డు విద్యుత్తు తప్పనిసరి చేయుచున్నారు.

అత్త అడిగిన రెండవ ప్రశ్న ఇంకను గట్టిది. "ఆ తీగలోని కరెంటెక్కడినుండి వచ్చునే?" విశాఖచెంత పరవాడలో సింహాద్రి విద్యుత్కేంద్రమున్నది, రెండువేల మెగావాట్లు, అంతయు బొగ్గు. అక్కడినుండి తెచ్చి ఓడకిచ్చినచో పొయ్యిని వంటింటినుండి పెరటిలోనికి మార్చినట్లేకదా! పెరటిపొయ్యికి ఎత్తైన గొట్టమును, బూడిదపట్టు యంత్రములును గలవని మరిది చెప్పెను. నిజమే, ఇండ్లనడుమ పొగకంటె అది కొంత మేలు. కాని పరవాడలోను పిల్లలున్నారు. విశాఖ రేవువారు 10 మెగావాట్ల సూర్యవిద్యుత్తు ఏర్పాటు చేసికొన్నారు, సంతోషమే. పెద్ద విహారనౌక యొకటి వచ్చి నిలిచినచో ఆ పదియు మిట్టమధ్యాహ్నమున కూడ దాని యొక్కదానికే సరిపోవునో లేదో.

ఇంక మా యింటి మాట. వైశాఖమాసమునకు చెల్లెలి యింటి అద్దెగడువు తీరుచుండెను. ఇంకను రెండేండ్లుందురేని అద్దె తగ్గింతునని యజమాని చెప్పెను. రేవునకు వాయవ్యముగా టారెన్స్ అను ఊరిలో మరియొక ఇల్లు చూచిరి. నెలకు నాలుగువందల డాలరులు హెచ్చు. మరిది కాగితముమీద లెక్కలు వేసెను. ఓడల పొగ తగ్గినదనుట సత్యము; పెట్టెలు మోయు లారీలు మాత్రము వేలకొలది క్రిందిదారిన పగలురేయి పోవుచునే యున్నవి. "వదినగారూ, మీరేమందురు?" అని మమ్మడిగెను. మాకు ఆ కిటికీని విడుచుట మనసులేదు. చెల్లెలు మాటలాడక బిడ్డ రొమ్ముపై చెవి పెట్టి వినుచుండెను. రోజునకు పదిసార్లు అట్లే వినుచుండెడిది.

తుదకు అవ్వనే అడిగితిమి. ఆమె తడవుకొనలేదు. "నేను నిలిచితిననిన ఇది నా తాత కట్టిన యిల్లు. నిలిచి పోరాడక ఎక్కడికి పోదును? మీది అద్దెకొంప. బిడ్డకు రెండేండ్లు వచ్చువరకైనను దూరముగా నుండి, ఆదివారములు నాయింటికి రండు" అని చెప్పినది.

అద్దె హెచ్చయినను టారెన్స్ యింటికే మారిరి. ఆ యింట తూర్పు కిటికీనుండి కనబడునది పొరుగువారి గోడ. మారిననాడు అవ్వ అత్తిపండ్ల పాకము సీసా నిచ్చెను; అత్త తాను దేశమునుండి మోసికొనివచ్చిన మాగాయ జాడీ సగము ఆమెకు వంచి యిచ్చినది. మేము జ్యేష్ఠమున తిరిగివచ్చితిమి. బిడ్డ గరగర తగ్గినదని చెల్లెలు ఫోనులో చెప్పినది. ఇల్లు మారుటచేతనో, నెలలు గడచుటచేతనో వైద్యురాలు చెప్పలేదట.

వచ్చే మాసమున మావారు తమ బడిపిల్లలను విశాఖరేవు చూపుటకు కొనిపోవుచున్నారు. వారు వ్రాసికొన్న పట్టికలో దీపస్తంభము, టగ్గులు, ఎత్తుయంత్రములు ఉన్నవి. అత్త ఆ పట్టిక చదివించుకొని, "కట్టివేసిన ఓడల పొగగొట్టములు లెక్కపెట్టుమనుడు, వేనికి పొగ యున్నదో వేనికి లేదో" అని చేర్పించినది.